కాశీకి సంఘం లెటర్

రాయికల్,
సెప్టెంబర్ 8

సుశీలకు,

ఫోన్ చేస్తే నర్సింగం ఎత్తి, షాపులో గిరాకీ ఉందని పెట్టేశాడు. మ్యాచింగ్ సెంటర్ నడిపేది నువ్వు, నీ ఫోన్ నడిపేది మీ ఆయన. అందుకే ఉత్తరం. పల్లె పోస్టాఫీసులో పద్నాలుగేళ్లు అందరి ఉత్తరాలకూ ముద్ర కొట్టాను. ఇప్పుడు రాసేవాళ్లు లేక నా ఉత్తరానికి నేనే కొట్టుకుంటున్నాను.

అమ్మ కాశీ పోతానంటోంది. డెబ్బై రెండేళ్ల మనిషి, పదేళ్లప్పటి నుంచి బీడీలు చుడుతూనే ఉంది, కరీంనగర్ దాటి చూసింది లేదు. మా ఊరి ఆడవాళ్లు కార్తీక పౌర్ణమికి బస్సు మాట్లాడుకున్నారు. అమ్మ పేరిద్దామని వెళ్తే సీట్లు నిండాయన్నారు. మర్నాడు అదే బస్సులో రెండు సీట్లు ఖాళీ ఉన్నాయని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నానని మర్చిపోయారు. నాకు ఒళ్లు మండింది గానీ, అమ్మ చాట పక్కన పెట్టి ఒక్క మాటే అంది. "బస్సు ఆళ్లదైతే రైలు సర్కారుది. టికెట్ తియ్యి."

తీశాను. రామగుండంలో ఎక్కాలి. కాశీలో దిగాక ఉండడానికే చోటు లేదు. ఫోన్లో తొమ్మిది వందలని చూపించిన గది, పౌర్ణమి తేదీలు కొట్టగానే నాలుగు వేలంటుంది. ఒకడు ఫోటోలో కిటికీ నుంచి గంగ చూపించాడు. అడిగితే ఘాటుకు ఐదు కిలోమీటర్లట, మూడంతస్తులు ఎక్కాలట. అమ్మ మోకాళ్లు నీకు తెలుసు. ఇంకోచోట మగతోడు లేని ఆడవాళ్లకు గది ఇవ్వబోమన్నారు. మా ఆయన అంజికి మస్కట్‌లో సెలవు దొరకదు, మేమిద్దరమే. తెలుగు ఆశ్రమంలో గదులు ఎప్పుడో నిండిపోయాయట. దేవుణ్ణి చూడాలంటే ముందు హోటల్ వాడి దయ కావాలని నాకు తెలియదు.

మీ వాళ్లు ఏటా వెళ్తారు కదా. ఎక్కడ దిగుతారో రాయి. కోరుట్ల హాస్టల్లో ఐదేళ్లు నా పక్క చాప నీదే కాబట్టి సిగ్గు లేకుండా అడుగుతున్నాను.

నీ
పద్మ


సిరిసిల్ల,
సెప్టెంబర్ 17

పద్మా,

బస్సు వాళ్ల సంగతి చదివి నాకూ కోపం వచ్చింది. పోనివ్వు. అమ్మకు వాళ్లకంటే మంచి చోట గది దొరికింది.

కాశీలో మా కుల సంఘానికి సత్రం ఉంది. ఘాటు దగ్గరే, అమ్మ మెల్లగా నడిచి పోవచ్చు. గది కింద అంతస్తులోనే ఇమ్మని చెప్పించాను. మూడు రోజులు ఉండొచ్చు, రెండు పూటలా భోజనం, డబ్బు ఇచ్చేది పేరుకే. కావలసింది ఒక్కటే. ఇక్కడి సంఘం అధ్యక్షుడు సంతకం పెట్టిన లెటర్. అది లేకపోతే లక్షాధికారినైనా గడప ఎక్కనివ్వరు. అది ఉంటే మిగతా కాగితాలేవీ సరిగ్గా చూడరు. అధ్యక్షుడు ఎవరో కాదు, మా బావ పరశురాములే. పండగ ముందు లెటర్ల కట్ట సంతకాలకు పెడితే అందులో నీదీ పెట్టాను. చదవకుండానే పెట్టేశాడు.

"మా పెద్దమ్మ ముత్తవ్వ, ఆమె బిడ్డ పద్మ" అని రాయించాను. తప్పేముంది, హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా సకినాల డబ్బా నా చేతికే ఇచ్చేది కదా అమ్మ. నా ఆధార్ జిరాక్స్ కూడా కుట్టాను. మూడు రోజులు మా తల్లిగారి ఇంటిపేరు, మా గోత్రం చెప్పండి. కాగితం వెనకాల రాశాను. అమ్మకు అన్నీ వివరంగా చెప్పి తీసుకెళ్లు. ఎవరికీ నష్టం లేని అబద్ధం ఇది. నువ్వు ప్రతిదానికీ మొహం ముడుచుకుంటావు, దీనికి ముడుచుకోకు.

గంగ నీళ్లు ఒక సీసా నాకు తేవాలి.

సుశీల


రాయికల్,
సెప్టెంబర్ 26

సుశీలకు,

లెటర్ అందింది. రోజంతా ముద్రలు కొట్టే దాన్ని, మీ సంఘం గుండ్రటి ముద్ర చూసి భయపడ్డాను. ముందు నీ మీదే కోపం వచ్చింది. నా పేరు మార్చే ముందు నన్ను ఒక మాట అడగాల్సింది. తర్వాత నా మీద నాకు కోపం వచ్చింది. ఎందుకంటే తిట్టుకుంటూనే ఆ లెటర్‌ను మడిచి రైలు టికెట్ల కవర్లో పెట్టాను. ఇంకో గది దొరికితే పెట్టేదాన్ని కాదు.

అమ్మకు చెప్పలేదు. చెబితే రాదు. సుశీల ఇప్పించిన గది అని మాత్రం చెప్పాను. "మన సుశీల మంచిది" అని ఇంటింటికీ చెప్పుకుంటోంది, వింటుంటే నాకు మింగుడు పడడం లేదు. అక్కడ అందరూ హిందీ మాట్లాడతారు, అమ్మ ఎవరితో మాట్లాడుతుందిలే. మాట్లాడే పని నేను చూసుకుంటాను.

పద్మ


రాయికల్,
నవంబర్ 13

సుశీలకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి రోజు బాగానే ఉంది. సత్రం పంతులు ఘాటు దగ్గర లెటర్ చూసి మీ గోత్రం, మీ ఇంటిపేరు చదివాడు. అమ్మ అదంతా మంత్రమే అనుకుని చేతులు జోడించి, మూడుసార్లు మునిగింది. ఆ పుణ్యం మీ ఇంటికి చేరింది, లెక్కలో వేసుకో.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ పక్కన ఒకావిడ కూర్చుంది. నేను నీళ్లు తేవడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ ముచ్చట్లలో పడ్డారు. అంత దూరంలో మన మాట వినబడితే మా అమ్మ ఊరుకుంటుందా? ఏ ఊరని అడిగిందట, రుద్రంగి అన్నదట ఆవిడ. ఇంకేం, అమ్మ పుట్టిల్లు అదే కదా. ఏ వాడ, ఎవరింటి వాళ్లు, ఎవరి బిడ్డవు, అన్నీ వరసగా వచ్చేశాయి. నేను చేయి నొక్కేలోపే అమ్మ సంతోషంగా చెబుతోంది. "మా నాయిన డప్పు కొమురయ్య. ఎరుకేనా నీకు? మీ వాడకట్టుల ఏ పెండ్లయినా మా నాయినే."

"ఎరుకే" అంది ఆవిడ. విస్తరి అలాగే వదిలి లేచిపోయింది. వరసలో ఇంకో నలుగురు లేచారు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు, పెరుగన్నం కలుపుకుంటూనే ఉంది.

మేనేజర్ రిజిస్టర్ పట్టుకుని వచ్చాడు. గది ఖాళీ చేయమన్నాడు. ఖాళీ చేయడం కాదు సుశీలా, కడిగి పొమ్మన్నాడు. ఫినాయిల్ సీసా గడపలో పెట్టి, మేము కడిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. నేను కడుగుతుంటే అమ్మ చూసింది, అప్పుడు అర్థమైంది ఆమెకు. వాణ్ణి వదిలేసి నా వైపు తిరిగింది.

"నన్ను ఎవ్వల లెక్క తోల్కచ్చినవే?"

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. రెండు సందులు దాటితే నేతగాళ్ల వాడలో ఒకామె గది దొరికింది. మగ్గం గుంత పక్కన చిన్న గది, రోజుకు మూడు వందలు. నా ఆధార్ తీసుకుంది, పేరు చదివింది, తాళం చేతిలో పెట్టింది. అంతే. అంత దగ్గర్లో అలాంటి గది ఉండగా నేను దొంగపేరుతో వెళ్లాను. ఏ యాప్‌లోనూ కనబడని ఆ గది కాళ్లరిగేలా తిరిగితే కనబడేది. పౌర్ణమి నాడు ఊరంతా దీపాలు చూడ్డానికి పోతే, అమ్మ ఆ గదిలో గోడకు తిరిగి పడుకుంది. గంగకు రమ్మంటే రానంది.

ఇంటికి వచ్చిన రోజే సంచి సర్దుకుని కోరుట్లలో నా చెల్లెలు మనీషా ఇంటికి పోయింది.

నిన్ను ఒక్కటే అడుగుతాను. ఆ రోజు నీకెవరైనా ఫోన్ చేశారా? ఉన్నదున్నట్టు రాయి.

పద్మ


సిరిసిల్ల,
నవంబర్ 21

పద్మా,

నీ ఉత్తరం చదివితే తప్పంతా నాదే అన్నట్టుంది. నేనేం చేశాను? గది కావాలని అడిగింది నువ్వు. నా పేరు పణంగా పెట్టి ఇప్పించాను. అమ్మకు వివరంగా చెప్పి తీసుకెళ్లమని స్పష్టంగా రాశాను. చెప్పనిది నువ్వు. చెప్పి ఉంటే మూడు రోజులు మౌనంగా ఉండేది కదా.

అయినా తినే చోట కూర్చుని వాడలూ వరసలూ ఎందుకు? తెలియని మనిషితో మీ తాత డప్పు గొప్పలు చెప్పుకోవడం ఎందుకు? కోపం వచ్చినా సరే, ఈ మాట అనకుండా ఉండలేను. రెండు రోజులు నోరు కట్టుకుంటే పౌర్ణమి స్నానం కూడా అయిపోయేది.

ఇక్కడ నా పరిస్థితి నీకు తెలుసా? అలాంటి లెటర్ ఎలా బయటికి పోయిందని సంఘంలో గొడవ. బావ మొహం చూపించడం లేదు. నర్సింగం వారం నుంచి ముభావంగా ఉన్నాడు. మా షాపు కూడా సంఘం కాంప్లెక్స్‌లోనే ఉందని నీకు గుర్తు చేయాలా? మీరు ఒక పూట అవమానపడి ఊరికి వచ్చేశారు. నేను ఈ మనుషుల మధ్యే బతకాలి.

ఫోన్ సంగతి అడిగావు. నాకెవరూ చేయలేదు. అంతా అయిపోయాక మూడు రోజులకు బావ చెబితేనే తెలిసింది. ముందే తెలిస్తే ఏదో ఒకటి చేసి ఆపేదాన్ని.

సుశీల


కోరుట్ల,
నవంబర్ 30

సుశీలా,

అమ్మను తీసుకెళ్దామని వచ్చాను, ఇంకా రానంటోంది. మనీషా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నేను నీకు ఒక సంగతి రాయలేదు. నువ్వు రాస్తావేమోనని ఆగాను.

ఆ మేనేజర్ రిజిస్టర్ పట్టుకొచ్చాక ముందు సిరిసిల్లకు ఫోన్ చేశాడు. అందరికీ వినబడాలని స్పీకర్ పెట్టాడు. మీ బావ ఎత్తాడు. షాపులోనే ఉన్నాడు, వెనకాల నర్సింగం ఎవరికో లైనింగ్ గుడ్డ చూపిస్తున్న మాటలు కూడా వినబడ్డాయి. మీ బావ ఫోన్ నీకిచ్చాడు. నీ గొంతు వినగానే అమ్మ మొహం విప్పారింది. ఇంకా చేయి కూడా కడుక్కోలేదు. "మన సుశీలే" అని ఆ మేనేజర్‌కు చెప్పింది, ఇక గొడవ తీరిపోయినట్టు.

నువ్వేమన్నావో నాకు ప్రతి మాటా గుర్తుంది. "నాకు గసొంటి పెద్దమ్మ ఎవ్వలు లేరు. లెటర్ షాపుల పెట్టిన. ఎవ్వలు ఎత్తుకపోయిండ్రో నాకు తెల్వది."

భోజనాల వరసలో ఉన్న నలభై మందీ విన్నారు. మేనేజర్ రిజిస్టర్‌లో మా పేర్ల పక్కన హిందీలో ఏదో రాశాడు. ఏం రాశావని అడిగితే "చోరీ" అన్నాడు. దొంగతనం. పద్నాలుగేళ్లుగా ఊరందరి పింఛన్ల డబ్బు నా చేతి మీదుగా పోతోంది, ఒక్క రూపాయి తేడా రాలేదు. ఏనాడూ ఒకరి సూది ముట్టని మా అమ్మ పేరు పక్కన ఆ మాట ఉంది.

అమ్మ నోరు కట్టుకోవాల్సిందా? నీ నోరు సంగతి ఏమిటి? తెలియదని అనడం కూడా క్షమించేదాన్నేమో, భయపడ్డావనుకునేదాన్ని. ఎత్తుకపోయారని ఎవరు అనమన్నారు? ఆ పైన నాకు ఉత్తరంలో కూడా అబద్ధమే రాశావు, ఆపేదాన్నని రాశావు. కులం పేరుతో లేచిపోయిన ఆ రుద్రంగి ఆవిడ మీద నాకు ఉన్న కోపం నీ మీద ఉన్న దానిలో సగం కూడా లేదు. ఆమె నాకేమీ కాదు.

పద్మ


సిరిసిల్ల,
డిసెంబర్ 9

పద్మకు,

షట్టర్ దించుకుని చదివాను. రెండుసార్లు చదివాను. ఆలోచించకుండా అన్నానని రాయబోయి కొట్టేశాను. ఆలోచించే అన్నాను. బావ ఫోన్ చేతికిచ్చి నా మొహంలోకి చూస్తుంటే, ఆ కొద్దిసేపట్లో షాపు ఏమవుతుందో, మా అమ్మాయి అనూష కాలేజీ ఏమవుతుందో, నర్సింగం ఏమంటాడో అన్నీ ఆలోచించాను. మీ ఇద్దరి గురించి ఒక్కటి ఆలోచించలేదు. అమ్మ అక్కడే ఉందని కూడా నాకు తోచలేదు. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

నీ ఉత్తరం వచ్చాక బావ దగ్గరికి వెళ్లాను. లెటర్ ఎవరూ ఎత్తుకపోలేదని, నేనే రాయించి ఇచ్చానని చెప్పాను. "అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతున్నవ్? ఆడ రిజిస్టర్ల దొంగతనమని రాసుకున్నరు. గట్లనే ఉండనియ్యి. నీకు మంచిది, నాకు మంచిది" అన్నాడు.

ఆదివారం సంఘం మీటింగు. దొంగిలించిన లెటర్ సంగతి చదివారు. ఇక నుంచి ఫోటో, కుల ధ్రువపత్రం లేకుండా లెటర్ ఇవ్వకూడదని తీర్మానం చేశారు. ఎవరికైనా ఏమైనా చెప్పేది ఉందా అని అడిగారు. ఆడవాళ్ల వరసలో రెండో కుర్చీ నాది. లేవాలనుకున్నాను. లేవలేదు. చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. ఇది నీకు రాయకుండా ఉండొచ్చు, ఇంకో అబద్ధం వద్దని రాస్తున్నాను.

అమ్మకు ఒక చీర పంపుతున్నాను, మెత్తటి నూలు, ఇక్కడిదే. వచ్చి కాళ్ల మీద పడతాను, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. సంఘంలో మాత్రం నన్ను చెప్పమనకండి. అమ్మను క్షమించమని చెప్పు పద్మా.

సుశీల


కోరుట్ల,
డిసెంబర్ 18

సుశీలకు ముత్తవ్వ చెప్పి రాయించేది. పద్మ రాస్తున్నది. ఒక్క మాట గూడ తీసెయ్యద్దు, ఒక్క మాట గూడ కలుపద్దని ముందే చెప్పిన.

బిడ్డా, చీర అచ్చింది. మంచిగున్నది. గిదే కవర్ల వాపస్ పంపుతున్న. నా పేరు పక్కకు దొంగ అని రాసి ఉన్నన్ని దినాలు నీ చీర నేను కట్ట. కాళ్ల మీద పడుడు నాకేం అక్కెర లేదు. నా కాళ్లకు నువ్వేం చెయ్యలే.

పద్మతోని మాట్లాడుతున్న. తిట్టుడు అయిపోయింది గాబట్టి మాట్లాడుతున్న. నా పేరు దాసిపెట్టి నన్ను గంగల ముంచినందుకు మస్తు తిట్టిన. ఇనుకుంట కూసున్నది. రేపు దాని ఇంటికి పోతున్న.

నువ్వు పద్మకు రాసినవంట, నేను నోరు కట్టుకునేది ఉండెనని. నేనెందుకు కట్టుకోవాలె? పుట్టిన ఊరామె కండ్ల ముంగట కూసుంటే ఎవలి బిడ్డవని అడుగకపోతే మనిషెట్లయితరు? మా నాయిన డప్పు పట్టుకుంటేనే రుద్రంగిల పెండ్లి పిల్లగాడు గడప దిగేది. గా పెండ్లిళ్లల్ల మా నాయిన బయట ఆకు ఏసుకొని తిన్నడు. నేను కాశీల గాళ్ల సత్రం లోపట ఏసుకొని తిన్న. గామె బువ్వ ఇడిచిపెట్టి లేచింది. నేను లేవలే. ఆకుల ఉన్నది మొత్తం తిన్న. గది మాత్రం నాకు తృప్తి.

నీ షాపు పోతదని భయమున్నది. పోతది గావచ్చు. కాదని నేను అన. నాకు భయం తెల్వదా, బీడీ కంపెనోడు ఆకు కట్ట ఇయ్యకపోతే పొయ్యి మండని ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలను సాదిన. గంత భయంల గూడ పక్కింటామె ఎత్తుకపోయిందని ఏనాడు అనలే. చెప్పుమని నిన్ను బతిమిలాడ. చెప్పకుంటే శాపం గూడ పెట్ట. నువ్వు చప్పట్లు కొట్టినవని రాసినవ్ సూడు, గది చదివినంక గీ పద్మ ఏడ్సింది. నాకు ఏడుపు రాలే. ఇంకా కోపమే ఉన్నది. ఎప్పుడు పోతదో నాకు తెల్వది.

మల్ల కార్తీకానికి పోతున్నం. గా మగ్గం గుంత పక్క రూమే. ఆమెకు పద్మ ఇప్పుడే ఫోన్ల చెప్పింది, నా పేరు చెప్పి, మా నాయిన పేరు చెప్పి. ఉంచుతనన్నది. ఒక్క రూముల ముగ్గురు పండుకుంటరు. నీ పేరు గూడ పెట్టమన్న. రాకుంటే పోయినవ్, నేను కాళ్లు జాపుకొని పండుకుంట.

వస్తే మాత్రం ఒకటి ఎరుక పెట్టుకో. గంగ కాడ పంతులు నన్ను అడుగుతడు, నీదేం గోత్రమని. నాకు తెల్వది, మా నాయిన పేరు చెప్త. పక్కకు నువ్వు నిలవడి ఉంటవ్. గప్పుడు నిన్ను అడుగుతడు, గీమె నీకు ఏమైతదని. ఏం చెప్తవో గిప్పటి సందే సోంచాయించుకో.